మూడు వేల నాలుగు వందల దగ్గర గుంట

ఆదోని,
19 ఆగస్టు 2025, మంగళవారం.

మామకు వందనాలు.

నిన్న మధ్యాహ్నం 12.20కి ఒక విద్యార్థిని ప్రయోగానికి సున్నా వేశాను. పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఐదు వారాల్లో ఇదే మొదటి సున్నా.

ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో ముందు రాయమని చిన్నప్పటి నుంచి చెప్పావు కాబట్టి అది రాసేశాను. మిగతాది ఇక నిదానంగా.

పోయిన ఉత్తరం బస్సులో ఇస్తుంటే కండక్టర్ అడిగాడు. "మీ మామకు ఫోన్ ల్యాదా మేడం?" అన్నాడు. "ఫోను ఉంది, చెవులే లేవు" అన్నాను. కవరు మీద పేరు చూసి, "ఔ, సీమోనన్నకా! ముప్పై ఏండ్లు పేపరు కవర్లు మా బస్సుల్లోనే పంపినాడు గదా" అని తన సంచిలో పెట్టుకున్నాడు. టికెట్ అడగలేదు.

నా క్లాసు సోమవారం నుంచి గురువారం దాకా, పదింటి నుంచి ఒంటిగంట వరకు. ఎం.ఎస్సీ. మూడో సెమిస్టర్, ఇరవై రెండు మంది. విషయం స్పెక్ట్రోస్కోపీ. అంటే, పదార్థం గుండా కాంతిని పంపి, అది ఏ కాంతిని తాగిందో చూసి లోపల ఏ బంధాలున్నాయో చెప్పడం. మొదటి రోజు పుస్తకంలోని బొమ్మ వేస్తే ఎవరికీ ఎక్కలేదు. రెండో రోజు ఎమ్మిగనూరు బస్సు గురించి చెప్పాను. బస్సు నలభైలో పోతుంటే మూడో కిటికీ ఒక్కటే మోగుతుంది. అరవై దాటితే అది ఆగిపోయి డ్రైవర్ వెనక రేకు మోగుతుంది. దేని ఊపు దానిది. అణువులో బంధాలూ అంతే, తన ఊపుకు సరిపడే కాంతి వస్తేనే కదులుతాయి. ఆ తర్వాత ఎవరూ నిద్రపోలేదు. నాకు ఈ పని వచ్చు మామా. అనుమానం ఉండేది, ఇప్పుడు లేదు.

ఇక సున్నా సంగతి. బెంజోయిన్ అనే తెల్లపొడిని ఆమ్లంతో వేడి చేస్తే బెంజిల్ అనే మరో పదార్థం అవుతుంది. అయిందో లేదో యంత్రంలో చూడాలి. పొడిని కొంచెం తీసుకుని పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో నూరి, మరలో నొక్కితే అద్దంలాంటి చిన్న బిళ్ల వస్తుంది. బిళ్లను యంత్రంలో పెడితే అది పటం గీస్తుంది. ఏ కాంతిని తాగితే అక్కడ గీత కిందికి దిగుతుంది. 3400 అనే అంకె దగ్గర గీత దిగితే పాత పదార్థం మిగిలి ఉన్నట్టు. దిగకపోతే పని పూర్తయినట్టు.

ఇరవై ఒక్కరికి దిగలేదు. వాళ్లు ఆగస్టు 7న చేశారు. కౌతాళం అమ్మాయి నందిని ఆ రోజు పత్తిలో కలుపుకు ఇంటికి పోయింది. నిన్న చేసింది. ఆమెకు దిగింది.

"అది నీళ్లది మేడం" అంది. "పొడి పసుప్పచ్చగుండాది సూడండి. పాతదైతే తెల్లగుంటాది. గుంట గూడా శానా వెడల్పుండాది."

"కంటినే నమ్మేటట్టయితే యంత్రం ఎందుకు?" అన్నాను. క్లాసు నవ్వింది. ఆమె రికార్డులో "చర్య పూర్తయింది" అని రాసుకుంది. చేయని పనిని చేసినట్టు రాసింది కాబట్టి, అదే మాట ఎర్ర సిరాతో రాసి సున్నా వేశాను.

మిగతా అంతా బాగుంది. చేరిన రోజే అటెండర్ దేవక్కకు, నేను వెళ్లాక లాబ్‌లో అన్ని స్విచ్చులూ ఆర్పమని చెప్పాను. కరెంటు వృథా తగ్గిందని మా హెడ్ వాదిరాజ గారు మీటింగ్‌లో నా పేరు చెప్పారు. వచ్చే సెమిస్టర్‌కు పార్ట్‌టైం వాళ్లలో ఎవరిని ఉంచుతారో సెప్టెంబరు 20న తెలుస్తుంది.

రూత్ అత్తకు వందనాలు చెప్పు.

నీ మేనకోడలు,
కృప


ఎమ్మిగనూరు,
25 ఆగస్టు 2025, సోమవారం.

కృపమ్మకు సీమోను మామ రాసేది.

నిన్న ఉదయం 8.15కి సంతలో కౌతాళం రంగన్నను కలిశాను. నీ నందిని ఆయన కూతురే.

రంగన్న నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఆదోని పత్తి మార్కెట్ వార్తలు రాసే రోజుల్లో ఏ రైతును ఏం అడగాలో ఆయనే చెప్పేవాడు. ఎద్దు కొనడానికి వచ్చాడు. కూతురి చదువు ఎలా ఉందని అడిగాడు. అడుగుతున్నాడని పెదవులను బట్టి తెలిసింది. చెవి దగ్గరకు వంగి మెల్లగా చెప్పాను: "నీ బిడ్డ సెయ్యని పని సేసినట్టు రాసిందంట రంగన్నా. మా కోడలు పట్టుకుంది. కొంచెం మందలించు." తండ్రికి తెలియడం మంచిదే. ఆయన ఎద్దును కొనకుండానే వెళ్లిపోయాడు. ఎందుకో నేను అడగలేదు.

చర్చిలో ఆరాధనకు పది నిమిషాలు ఆలస్యమైంది. మీ అత్త ముఖం చూడాల్సింది. అయితే ఆ తర్వాత అయ్యగారు నిలబడి, "సీమోను గారి మేనకోడలు ఆదోనిలో ప్రొఫెసర్ అయినందుకు" ప్రార్థన చేశారు. ప్రొఫెసర్ కాదని నేను లేచి చెప్పలేదు. చెప్పాల్సిందని మీ అత్త అంటోంది. నేను కూడా ముప్పై ఒక్క ఏళ్లు పార్ట్‌టైం కంట్రిబ్యూటర్‌నే అమ్మీ. వార్త కింద నా పేరు ఒక్కసారి వచ్చింది, అది కూడా అచ్చుతప్పుతో. పని మాత్రం ఫుల్‌టైం.

ఒక సందేహం. పోయిన నెల ఉత్తరంలో ఆ గీతను 'పీక్' అంటారని రాశావు. పీక్ అంటే కొన గదా. కిందికి దిగేదాన్ని కొన అంటారా మీ శాస్త్రంలో? నేనైతే గుంట అంటాను. ఆ అమ్మాయి కూడా గుంట అనే అందని ఇప్పుడు చూస్తున్నాను.

బస్సు కిటికీ మాట నిజం. నాకు మోత వినపడదు. కానీ శనివారం ఆదోని వైపు పోతూ కమ్మీ మీద చెయ్యి పెట్టి చూశాను. నలభైలో వణికింది. అరవైలో ఆగింది.

వచ్చే ఆదివారం ఆరాధనలో ప్రొఫెసర్ మాట సరిచేస్తానని మీ అత్తకు మాటిచ్చాను.

మామ,
సీమోను


ఆదోని,
29 ఆగస్టు 2025, శుక్రవారం.

మామకు.

మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు రంగన్న హాస్టల్‌కు వచ్చి నందినిని, ఆమె ట్రంకుపెట్టెను తీసుకుపోయాడు.

నాకు నిన్న తెలిసింది. ఆమె గదిలో ఉండే అమ్మాయి చెప్పింది. "సంతలో పేపరాయన అందరి ముందర అర్సి సెప్పినాడంట మేడం, కాపీ కొట్టిందని. వాళ్ల నాయన పెట్టె తలమీద పెట్టుకున్యాడు, పోయినాడు."

మామా, కాపీ అని నేను ఎక్కడ రాశాను? మోసం అని రాశానా? ప్రయోగం పూర్తి కాలేదని రాశాను. లాబ్‌లో ప్రయోగం పూర్తి కాకపోవడం నేరం కాదు. వారానికి ఇద్దరు ముగ్గురికి అవుతుంది. పైగా అది నీకు రాసిన ఉత్తరం, సంతకు కాదు. అందరి ముందు అరవాల్సినంత కోపం ఆ పిల్ల మీద నీకెందుకు?

మార్కు విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. గీత 3400 దగ్గర దిగింది. పటం నా బల్ల మీదే ఉంది. యంత్రం ఎవరి కూతురో చూసి గీయదు.

ఇప్పుడు సమస్య తేదీలది. సెప్టెంబరు 16న ప్రాక్టికల్ రికార్డులు మూసేస్తారు. ఆ లోపు నందిని వచ్చి రికార్డు పూర్తి చేయకపోతే ఆమెకు ఈ సెమిస్టర్ పోతుంది. ఒకసారి ఇంటికి పోయిన అమ్మాయి వచ్చే ఏడాది మళ్లీ వస్తుందని ఎవరూ అనుకోవడం లేదు, దేవక్కతో సహా. "తోల్కపోయినోళ్లు మళ్లా తోల్కరారు మేడమ్మా" అంది.

రంగన్న నీకు తెలిసినవాడు. నువ్వు చెప్పిన మాటను నువ్వే వెనక్కు తీసుకో.

సోమవారం పదింటికి మళ్లీ క్లాసు. రెండో బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంటుంది.

కృప


ఎమ్మిగనూరు,
1 సెప్టెంబరు 2025, సోమవారం.

కృపమ్మా,

ఆగస్టు 24న సంతలో నేను చెప్పిన మాట కనీసం ముప్పై మంది విన్నారు. నిన్న పోయి విచారించి తెలుసుకున్నాను.

మెల్లగా చెప్పాననే అనుకున్నాను. చెవులు పోయినప్పటి నుంచి నా గొంతు నాకే తెలియడం లేదు. మీ అత్తను అడిగాను. పలక మీద రాసి చూపించింది: "నువ్వు గుసగుస అంటే బస్టాండుకు ఇనపడతాది. ఆరేండ్ల నుంచీ అంతే. సెప్తే బాధపడతావని సెప్పలేదు." కాబట్టి అరిచింది కోపంతో కాదు. కానీ తప్పు నాది. ఇంకొక తప్పు కూడా ఉంది. ఒక్కరి మాట విని రెండో మనిషిని అడగకుండా వార్త చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నిసార్లు ఇతరులకు వద్దని చెప్పానో అదే చేశాను.

నీ ఉత్తరం కూడా తీసి చూశాను. 'మోసం' లేదు. నిజమే. "చేయని పనిని చేసినట్టు రాసింది" అని ఉంది. ఎర్ర సిరాతో అదే మాట రాశానని కూడా ఉంది. దానికి నాకు తెలిసిన అర్థం ఒక్కటే అమ్మీ. 'ప్రయోగం పూర్తి కాలేదు' అనే మాట ఈ రెండో ఉత్తరంలోనే మొదటిసారి కనబడింది.

నీ మార్కు తప్పని నేను అనను. నాకు కెమిస్ట్రీ రాదు. కానీ ఒక పాత సంగతి చెప్తాను.

చాలా ఏళ్ల కిందట మార్కెట్ యార్డులో బజారి అనే రైతు పత్తిని వెనక్కు పంపారు. తేమ ఎక్కువుందని మీటరు చూపించింది. తూకం కోసం నీళ్లు చల్లాడని దలాలీ చెప్పాడు. నేను రాశాను. మొదటి పేజీలో వచ్చింది. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఆ మీటరును వానలో తడిసిన గోనెసంచుల మీద పెట్టేవారని. తడిసింది మీటరు, పత్తి కాదు. సవరణ వేయమన్నాను. ఏడో పేజీలో, సినిమా ప్రకటన కింద, మూడు లైన్లు వేశారు. బజారి తొమ్మిదేళ్లు నా వందనం తీసుకోలేదు. ఆయన చూసింది మొదటి పేజీ.

కాబట్టి అడుగుతున్నాను. జవాబు నాకు కాదు, నువ్వే చూసుకో.

ఏడో తేదీన ఇరవై ఒక్కరు చేసినప్పుడు ఆదోనిలో ఎండ. 18న వాన. అంతకు ముందు ఐదు రోజులు కూడా వానే. ఈడ మగ్గాల గుంతల్లోకి నీళ్లొచ్చాయి. మీ ఉప్పు వానకు ఏమవుతుంది? మన ఇంట్లో ఉప్పు జాడీ అయితే ఆ వారం ముద్దయింది. దాన్ని ఎండబెట్టే మనిషి ఎవరు? 18న ఎండబెట్టారా? నందిని నీళ్లది అన్నప్పుడు, ఏ నీళ్లు అని నువ్వు అడిగావా?

ఆదివారం నేనూ మీ అత్తా కౌతాళం పోతున్నాం.

మామ,
సీమోను


ఆదోని,
5 సెప్టెంబరు 2025, శుక్రవారం.

మామకు వందనాలు.

ఈ రోజు ఉదయం 11.05కి ఏ పొడీ కలపకుండా, ఉత్త ఉప్పుతో బిళ్ల చేసి పటం తీశాను. 3400 దగ్గర గుంట ఉంది. నందిని పటంలో ఉన్నంత వెడల్పే.

అంటే ఆ గుంట ఉప్పులోని తేమది. ఆమె మొదటి రోజే చెప్పింది.

కారణం కూడా తెలిసింది. ఈ ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. అందుకే ఎప్పుడూ ఓవెన్‌లో, నూటపది డిగ్రీల వేడిలో ఉంచాలి. ఇది పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఏడో తేదీన కొత్త సీసా విప్పాం కాబట్టి బాగుంది. ఆ తర్వాత సీసాను ఓవెన్‌లోనే పెట్టాం. ఓవెన్ తలుపు తీసి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"ఇదెప్పుడు ఆరింది దేవక్కా?" అన్నాను.

"నువ్వొచ్చిన రోజే."

"ఎవరు ఆర్పమన్నారు?"

"ఏందమ్మో ఇట్ల అడుగుతాండావు? పోయేటప్పుడు అన్ని స్విచ్చులూ ఆర్పమని సెప్పింది నువ్వు గాదా? దీన్ని గూడానా అని అడిగితిని. అన్నీ అంటే అన్నీ అంటివి. పెద్ద సారు మీటింగులో నిన్ను మెచ్చుకున్యారంట, నాకు టీ గూడా తాపిచ్చలేదు ఎవురూ."

ఆమె అడిగిన మాట నాకు ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు నేను బోర్డు తుడుస్తున్నాను. ఒంటిగంట బస్సు తొందరలో ఉన్నాను. పది నుంచి ఒంటిగంట దాకా ఉండే మనిషిని, మిగతా ఇరవై ఒక్క గంటలు లాబ్‌లో ఏది వెలుగుతూ ఉండాలో ఆలోచించలేదు.

వాదిరాజ గారికి చెప్పాను. ఈ రోజు ఉపాధ్యాయ దినోత్సవం. ఆయన మెడలో దండ ఇంకా ఉంది. పటాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "నిజమే" అన్నారు. తర్వాత, "రిజిస్టర్‌లో దిద్దెయ్యమ్మా. క్లాసులో చెప్పకు. నా బోటి వాడు తప్పు చేస్తే పొరపాటంటారు. పార్ట్‌టైం వాళ్లు చేస్తే పని రాదంటారు. ఇరవయ్యో తేదీ దగ్గర్లో ఉంది" అన్నారు. నా మేలు కోరే చెప్పారు.

సున్నా కొట్టేసి పదికి తొమ్మిది వేసి సంతకం చేశాను. రంగన్నకు ఈ కవర్లోనే వేరే ఉత్తరం పెట్టాను, నందినిని పంపమని. ఆదివారం ఇవ్వు. దీంతో సరిపోతుందని అనుకుంటున్నాను.

సోమవారం పదింటికి మూడో అధ్యాయం మొదలుపెడతాను.

కృప


ఎమ్మిగనూరు,
8 సెప్టెంబరు 2025, సోమవారం.

కృపమ్మా,

సరిపోలేదు. నిన్న మధ్యాహ్నం 12 గంటలకు రంగన్న నీ ఉత్తరం చదివించుకుని, మడిచి నాకే ఇచ్చేశాడు.

మీ అత్త నా చెవి అయ్యింది. వాళ్లు అన్నది పలక మీద రాసింది. నా గొంతు పెరిగినప్పుడల్లా మోకాలి మీద తట్టింది. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో ఎక్కించాను. అక్కడి నుంచి తీసి రాస్తున్నాను.

రంగన్న: "మార్కులు మార్సినారంటే ఊర్లో ఏమంటారు సీమోనన్నా? నువ్వు పోయి కాళ్లు పట్టుకుంటే ఏసినారంటారు. మాట సంతలో పోయింది. సంతలోనే వాపసు రావల్ల. కాలేజీలో పిల్లోల్లంతా నగినారంట, ఆ నగిన పిల్లోల్ల ముందరే మేడం సెప్పల్ల. సుమ్నే కాగితం పంపిస్తే నేనేం జేసుకుందును?"

సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని. కౌతాళంలో అందరూ అంటారు.

నేను తప్పు ఒప్పుకున్నాను. "నాకు చెవుడు, గొంతు తెలియలేదు" అన్నాను. ఆయన నవ్వాడు. ఈ పదిహేను రోజుల్లో మొదటిసారని వాళ్లావిడ అంది. "అది మాకు ఎప్పుడో ఎరికే అన్నా. యార్డులో నువ్వు గుట్టుగా అడిగే మాట దలాలీలంతా వినేటోళ్లు" అన్నాడు. అప్పటికే సగం చెవుడన్నమాట.

తర్వాత నందిని వచ్చింది. చేతిలో మందుబిళ్లల చిన్న సీసా ఉంది. అందులో తాను చేసిన పొడి. ట్రంకుపెట్టెలో దాచుకుని తెచ్చిందట. ఎండలో పట్టి చూపించింది. పసుప్పచ్చగానే ఉంది అమ్మీ. శనగపిండి కంటే లేత రంగు.

తొమ్మిది మార్కులు వద్దంది. ఆ అమ్మాయి మాటలు మీ అత్త రాసినవి రాసినట్టే ఇస్తున్నాను: "ఉత్త బిళ్లలో గుంటుంటే ఉప్పు తడిసిందని తేలింది పెదనాయనా. నా పొడిలో పాతది ల్యాదని యాడ తేలింది? అది ఇంగా ఎవురూ సూడలే. సూడకుండా సున్నా ఏసినారు, సూడకుండా తొమ్మిదేసినారు. ఉప్పు ఎండబెట్టి నన్నే మళ్లీ తీయనియ్యండి. గుంట అట్లే ఉంటే సున్నానే ఉంచమను."

నాకు కెమిస్ట్రీ రాదు కానీ ఈ మాట అర్థమైంది. ఇట్లాంటి విలేకరి నాకు దొరికి ఉంటే ఏ పేపరులోనైనా పెట్టించేవాణ్ణి.

కాబట్టి రెండు సవరణలు ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి నీది. తప్పు వచ్చిన పేజీలోనే సవరణ రావాలి. నాది ఈ ఆదివారం 14న ఉదయం 8.15కి, సంతలో అదే ఎద్దుల వరసలో. రంగన్నను రమ్మన్నాను. ఈసారి గొంతు తగ్గించను.

నీది ఎక్కడో నీకు తెలుసు. వాదిరాజ గారు చెప్పింది అబద్ధం కాదు. ఇరవయ్యో తేదీన నీకు నష్టం రావచ్చు. అది నేను తీర్మానించేది కాదు.

మామ,
సీమోను


ఆదోని,
12 సెప్టెంబరు 2025, శుక్రవారం.

మామకు వందనాలు.

నిన్న ఉదయం 10.05కి, హాజరు తీసుకున్న వెంటనే, క్లాసులో చెప్పాను.

బోర్డు మీద రెండు పటాలు అంటించాను. ఎడమ పక్క నందినిది. కుడి పక్క ఉత్త ఉప్పుది. ఏమీ చెప్పకుండా, తేడా ఏమిటో చెప్పమన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "గుంట రెండింట్లోనూ ఉండాది మేడం" అన్నాడు. "అంటే?" అన్నాను. "అంటే నందిని సెప్పిందే కరెక్టు" అన్నాడు. "ఆమె చెప్పినప్పుడు నువ్వేం చేశావు?" అన్నాను. "నగినాను" అన్నాడు. "నేను నవ్వించాను. నాది పెద్ద తప్పు" అన్నాను. ఓవెన్ ఎవరు ఆర్పించారో కూడా చెప్పాను. దేవక్క తలుపు దగ్గర నిలబడి వింటోంది. "రాస్కోండి పిల్లోల్లూ, నా పేరు గాదు" అంది.

తర్వాత ఆ గంటంతా తేమ గురించే పాఠం చెప్పాను. నీళ్ల గుంట ఎందుకు వెడల్పుగా ఉంటుంది, బెంజోయిన్‌ది ఎందుకు సన్నగా ఉంటుంది, ఉత్త బిళ్ల పటం ముందు ఎందుకు తీయాలి. పన్నెండు ప్రశ్నలు వచ్చాయి. ఈ రెండు నెలల మొత్తంలో అన్ని రాలేదు. ఈ క్లాసులో నేను చెప్పిన మంచి పాఠం అదే మామా. వచ్చే సెమిస్టర్ ఉంచినా ఉంచకపోయినా ఆ మాట మారదు.

వాదిరాజ గారు సాయంత్రం పిలిచారు. "చెప్పొద్దన్నాను కదమ్మా" అన్నారు. "చెప్పారు సార్" అన్నాను. కాసేపు రిజిస్టర్ తిప్పారు. తొమ్మిదిని నేను కొట్టేసిన చోట చూసి, "ఇప్పుడు ఇక్కడ ఏముంది?" అన్నారు. "ఖాళీ సార్. సోమవారం నందిని మళ్లీ పటం తీశాక తెలుస్తుంది" అన్నాను. "నేను కూడా వస్తాను. ఎన్నింటికి?" అన్నారు. ఇరవయ్యో తేదీ గురించి ఇద్దరమూ మాట్లాడలేదు.

సోమవారం రమ్మని నందినికి ఉత్తరం రాశాను. ఎర్ర సిరా మాట వెనక్కు తీసుకుంటున్నానని, అది రాసిన పేజీలోనే, దాని కిందే సంతకం చేస్తానని. రికార్డు నా దగ్గర ఉంది. వచ్చాక ఆమె ముందే చేస్తాను. ఈ రోజు కౌతాళం బస్సులో పంపాను. ఈ కండక్టర్‌కు నీ పేరు తెలియదు. టికెట్ కొట్టాడు.

ఓవెన్ సోమవారం నుంచి వెలుగుతూనే ఉంది. దేవక్క స్విచ్చు మీద కాగితం అంటించింది. "ఆర్పితే సెయ్యి ఇరుగుతాది" అని ఉంది. వాదిరాజ గారు చదివి తీయమనలేదు. ఆదివారం వాన పడొచ్చంటున్నారు. పడనివ్వు.

సంతలో ఏమైందో రాయి.

కృప


ఎమ్మిగనూరు,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

కృపమ్మకు,

ఈ ఉదయం 8.15కి సంతలో సవరణ వేశాను.

వాన తుంపర ఉంది. మనుషులు తక్కువని, పది నిమిషాలు ఆగుదామని అనుకున్నాను. మీ అత్త ఒప్పుకోలేదు. "అప్పుడు ఆగినావా?" అని పలక చూపించింది. ఎద్దుల వరస మధ్యలో నిలబడి చెప్పాను: "పోయిన నెల రంగన్న కూతురు గురించి నేను సెప్పిన మాట తప్పు. ఆ బిడ్డ సేసిన పనే రాసింది. విచారించకుండా మాట్లాడింది నేను." మూడు సార్లు చెప్పాను. రెండోసారికి టీ బంకు దగ్గరున్నవాళ్లు కూడా వచ్చారు. ఎవరో, "ఇంగొకసారి సెప్పు తాతా, ఈ ఎద్దుకు ఇనపల్లేదంట" అన్నాడట. అందరూ నవ్వారు. రంగన్న కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఎద్దును కొన్నాడు. పోయిన నెల చూసినది కాదు, అది అమ్ముడుపోయింది. ఇది కొంచెం చిన్నది. తోలుకుని వెళ్లాడు. నా వందనం తీసుకున్నాడు.

ఆరాధనలో ప్రొఫెసర్ మాట కూడా ఈ రోజే సరిచేశాను. రెండు వారాలు ఆలస్యం. అయ్యగారు, "అయితే పార్ట్‌టైం కొరకు మరల ప్రార్థన చేద్దాం" అన్నారు. చేశారు.

ఈ ఉత్తరం కండక్టర్‌కు ఇవ్వడం లేదు. నేనే తెస్తున్నాను. రేపు 7.30 బస్సు, మూడో కిటికీ. మీ అత్త పలకతో వస్తోంది. మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోనిస్తే చాలు, నేను నోరు తెరవను.

రంగన్న, నందిని కౌతాళం నుంచి మొదటి బస్సులో బయలుదేరతారు. 8.40కి ఆదోని బస్టాండులో దిగుతారు. ట్రంకుపెట్టె తెస్తున్నారా అని అడిగాను. పటం చూసినాక చెప్తానన్నాడు రంగన్న. నందిని మాత్రం, పెట్టె కట్టేసి వాకిట్లో పెట్టానంది. మందుబిళ్లల సీసా ఆమె చేతిలోనే ఉంటుంది.

10 గంటలకు మొదట ఉత్త ఉప్పు బిళ్ల. 10.20కి నందిని బిళ్ల.

మామ,
సీమోను